పాతయంత్రముతో విశాఖపట్టణ యాత్ర

భీమునిపట్టణమునుండి విశాఖపట్టణమునకు రెండు దారులు గలవు. తగరపువలస, ఆనందపురముల మీదుగా పోవునది లోతట్టు బాట. సముద్రమును ఎడమచేతి వైపున నుంచుకొని, ఎఱ్ఱమట్టి దిబ్బలను, ఋషికొండను, కైలాసగిరిని దాటుచు పోవునది తీరపు బాట. తొందర గలవారు మొదటిదానిని, కన్నులు గలవారు రెండవదానిని ఎన్నుకొందురు. ఈ 2026వ సంవత్సరమున సంక్రాంతి వెళ్లిన వారమునకు మావారును, మా పెద్దమ్మాయియు, మేమును తీరపు బాటనే బస్సెక్కితిమి. అయినను ఆనాడు సముద్రముపై చూపు నిలుపుటకు మాకు వీలు లేకపోయెను. మా యొడిలో పాతబొంతతో చుట్టిన పెట్టె యొకటి యుండెను. కండక్టరు దానిని చూచి, "ఏటమ్మా అది, కోళ్లగంపా?" యని యడిగెను. "కాదు నాయనా, కంప్యూటరు" అంటిమి. "అయితే టిక్కెట్టక్కర్లేదు, కోళ్లకైతేనే కొడతాం" అని నవ్వుచు నతడు ముందుకు సాగెను.

ఆ పెట్టె మా యింటికి వచ్చినది 2013వ సంవత్సరమున. మావారు జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు వ్రాసికొనుటకని వాయిదాలపై దానిని కొనిరి. కాని యెక్కువగా వాడినవారము మేమే. మా తండ్రిగారు మాకు ఇంటివద్దనే అమరమును, రఘువంశమును, ఆముక్తమాల్యదను చెప్పిన పండితులు. వారు తమ చివరి యేండ్లలో వసుచరిత్రమునకు చెప్పుచువచ్చిన టీకాతాత్పర్యములను, ఆ పెట్టె ముందు కూర్చుండి, ఐదేండ్లపాటు మేము అచ్చుకూర్చితిమి. 2019లో వారు కాలము చేసిరి. వ్రాతప్రతి మొత్తము 640 పుటలు.

ఆ పుటలన్నియు పాతపద్ధతి తెలుగు అచ్చులలో నున్నవి. ఇది కొంత విప్పి చెప్పవలసిన సంగతి. ఆ పద్ధతిలో యంత్రము తన కడుపులో దాచుకొనునది తెలుగక్షరము కాదు. ఇంగ్లీషు అక్షరముల సంకేతములు మాత్రమే. వానికి తెలుగురూపమును తొడుగు అచ్చులమూట యుండినంతవఱకే యది తెలుగు. ఆ మూట లేని యంత్రమున దెఱచినచో, గిరిక పేరున్న చోట అర్థములేని ఇంగ్లీషు గుర్తులు వరుసగట్టి నిలుచును. ప్రతులు మావద్ద మూడుచోట్ల భద్రముగా నున్నవి. వానిని చదువగల కన్ను మాత్రము ఈ పెట్టె యొక్కటే.

అట్టి పెట్టె గత రెండేండ్లుగా నడువలేకపోయెను. మీట నొక్కి, పాలు పొయ్యిమీద బెట్టి, పొంగిన పిదప దింపి, కాఫీ కలిపికొని వచ్చునప్పటికి గాని తెర వెలుగదు. మావారు గడియారము పట్టి చూచి అయిదు నిమిషముల నలువది సెకండ్లని తేల్చిరి. పైగా లోపలినుండి గోడమీది బల్లి చప్పరించినట్లు టిక్కుటిక్కుమను ధ్వని యొకటి మొదలిడెను. దీనికి తోడు పత్రికలలో నొక వార్త వచ్చెను. మా పెట్టెలో నడచు విండోస్ 10 అను నిర్వహణవ్యవస్థకు 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టువారు ఉచితరక్షణను నిలిపివేసిరి. పేరు నమోదు చేసికొన్న యిండ్లవారికి మఱియొక యేడు గడువిచ్చిరి. దాని తరువాతిదగు విండోస్ 11 మా పెట్టెలో చేరదు. యంత్రమున భద్రతాచిప్పు క్రొత్తది కావలెననియు, ప్రాసెసరు కొన్ని తరములకు ఈవలిదై యుండవలెననియు దాని నియమము. మా పెట్టె ప్రాసెసరు ఆ గీతకు చాల వెనుకటిది.

విచిత్రమేమన, సరిగా ఆ అక్టోబరు 14వ తేదీనాడే గూగుల్ సంస్థవారు విశాఖపట్టణ ప్రాంతమున 1,500 కోట్ల డాలర్ల వ్యయముతో మహాగణనకేంద్రమును నెలకొల్పుదుమని ప్రకటించిరి. అందుకు ఎంచిన తావులలో మాకు దాపుననే యున్న ఆనందపురము మండలపు తర్లువాడ యొకటి. దేశదేశముల ప్రశ్నలకు జవాబు చెప్పు యంత్రములు వేలకొలది మా పొరుగూరికి వచ్చుననిన దినముననే మా యింటి యంత్రమునకు కాలము చెల్లినదనిరి. ఈ రెంటికి లంకె బొత్తిగా లేదనుకొనవలదు. అట్టి మహాకేంద్రములు లోకమంతట లేచుచుండుటచేత, జ్ఞాపకపు చిప్పులు చేయు కర్మాగారములు తమ సరకును ఎక్కువగా వానికే మళ్లించెను. ఆ హేతువుచేత 2025 చివరినుండి క్రొత్తకంప్యూటర్ల వెలలు, విడిభాగముల వెలలు పెరిగినవి. పెద్దయింటి పెండ్లికి పాలన్నియు పోయినప్పుడు చిన్నయింటివారు కాఫీ పలుచన చేసికొనుట మనకు తెలియనిది కాదు గదా!

విశాఖలో పుస్తకములకైనను, ట్యూషన్లకైనను, కంప్యూటర్లకైనను ద్వారకానగరమే శరణ్యము. మొదట నొక పెద్ద అంగడికి పోయితిమి. దాని పేరు చెప్పుట అనవసరము. చల్లని గది, అద్దపు తలుపులు. అచటి కుఱ్ఱవాడు మా బొంతమూటను విప్పనైన విప్పలేదు. "పదమూడేళ్లదా? ఇంకేం ఉంది మేడమ్, ఎక్స్చేంజిలో ఐదువందలు వేసుకుంటాం, కొత్తది నలభైరెండువేలు" అనెను. రోగి నాడి చూడక పాడె బేరమాడిన వైద్యుని మేమదివఱకు చూడలేదు. నలువదిరెండు వేలనిన మా పెద్దమ్మాయి రాబోవు కళాశాల ప్రవేశపు సొమ్ములో సగముకంటె హెచ్చు. అమ్మాయి నేలచూపులు చూచుచుండెను. దానికి క్రొత్తదే కావలెనని మాకు తెలియును. జీతమిచ్చునది మావారనియు దానికి తెలియును.

అచటినుండి ఒకరిని, మఱియొకరిని అడిగికొనుచు దొండపర్తి వైపు ఒక మేడమెట్లెక్కి చిన్నగదికి చేరితిమి. మరమ్మత్తు చేయునది ఇరువదియైదేండ్ల లోపు పిల్ల. గాజువాక నివాసము, పాలిటెక్నికులో డిప్లొమా చదివినదట. స్క్రూడ్రైవరును వంకీపిన్నువలె జడలో దోపుకొని కూర్చున్నది. మూట విప్పి, ప్రక్కరేకు తీసి, లోనికి చూచి, "మీది సముద్రం పక్క ఊరా మేడమ్?" అనెను. ఎట్లు తెలిసినదని మేమడుగగా స్క్రూల తలలపై పూసిన తుప్పును చూపెను. ఉప్పుగాలికి ఇత్తడి గంగాళము పచ్చబడుట యెఱిగిన భీమిలివారము. కంప్యూటరు కడుపులోను అదియే జరుగునని ఆనాడు చూచితిమి.

లోపల పదమూడేండ్ల ధూళి బూడిదవలె పేరుకొని యుండెను. ప్రాసెసరనబడు మెదడుపై చిన్న పంకా యుండును. రెంటి నడుమ వేడిని లాగుటకు తెల్లని లేపన మొకటి పూయుదురు. మా పెట్టెలో నది యెండి పెచ్చులై రాలుచున్నది. వేడి మితిమీరినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తానే తగ్గించుకొనునట! రూపాయిబిళ్ల యంతటి బ్యాటరీ యొకటి గడియారమును నిలుపుటకు పెట్టియుందురు. అది చచ్చుటచేతనే ప్రతిదినము మా పెట్టె 2013వ సంవత్సరమునకు వెనుకకు పోవుచుండెను. తేదీ తప్పిన యంత్రమును బ్యాంకుల పుటలు నమ్మక త్రోసిపుచ్చును. ఈ రెండు సంగతులకు కలిపి ఆ పిల్ల అడిగినది నూటయేబది రూపాయలు.

అసలు జబ్బు హార్డుడిస్కునందున్నది. అది గ్రామఫోను పలకవంటి బిళ్లగల పెట్టె. బిళ్ల నిమిషమునకు 7,200 సార్లు తిరుగుచుండగా, చిన్న చేయి యొకటి ఇటునటు కదలుచు ఎచ్చటి సంగతిని అచ్చట వెదకి తెచ్చును. పదిపుటలు ఒక్కచోట నున్న తెచ్చుట సులువు. పదివేల చిన్నముక్కలు పదివేల చోట్ల నున్నచో చేయి పరుగులిడుటతోనే పొద్దు పోవును. కంప్యూటరు మేల్కొనునప్పుడు జరుగునది ఆ రెండవ పనియే. మేము వినిన టిక్కుటిక్కు ఆ చేయి తడబడు చప్పుడు. దానికి మారుగా నిప్పుడు ఎస్.ఎస్.డి. యను తునుక వచ్చినది. అందులో తిరుగునది లేదు, కదలునది లేదు. అంతయు చిప్పులలోనే యుండుటచే వెదకుటకు పట్టుకాలము సున్న యనదగును. పాతయంత్రమునకు చేయు మరమ్మత్తులలో దీనివలె ఫలమిచ్చునది మఱియొకటి లేదని ఆ పిల్ల మాట. తరువాత మేము చూచినదియు అంతే.

జ్ఞాపకపు పలక సంగతి వంటింటివారికి వెంటనే తెలియును. వంటగట్టు చిన్నదైనచో, ఒక గిన్నె పెట్టవలెనన్న మఱియొకదానిని అటకమీది కెక్కింపవలెను. మా పెట్టె గట్టు 4 జి.బి. 2013లో అది చాలియుండెను. నేటి వెబ్‌పుటలు ఒక్కొక్కటి పెండ్లివంట గుండిగవంటివి. నాలుగు పుటలు తెఱచిన గట్టు నిండి, గిన్నెలు డిస్కు అను అటకకు ఎక్కుట దిగుట మొదలగును. ఆ పిల్ల చచ్చిపోయిన వేఱొక పెట్టెనుండి తీసిన 4 జి.బి. పలకను తొమ్మిదివందలకు ఇత్తుననెను. క్రొత్తవి కొనకుడనియు, మా పాతరకమునకు ఈనాటివి సరిపడవనియు తానే చెప్పెను. కొనువారికి ఏది వలదో చెప్పు వర్తకురాలు దొరకుట భాగ్యము.

"అయితే ఇక కొత్తదానితో సమానమా?" యని మా అమ్మాయి యడిగెను. "కాదు చెల్లీ, మెదడు పాతదే. వీడియోలు కూర్చడం, పెద్ద ఆటలు, అవి అవ్వవు. రాసుకోడం, చదువుకోడం, క్లాసులు వినడం అయితే మూడు నాలుగేళ్లు ఢోకాలేదు" అని యామె సూటిగా చెప్పెను. రక్షణ నిలిచిన వ్యవస్థ సంగతికి మావారు సందేహింపగా ఆమె రెండిండ్ల ఏర్పాటు చెప్పెను. ఒకే యంత్రమున లినక్సు మింటు అను ఉచితవ్యవస్థను ప్రక్కన వేయుట. ఇంటర్నెట్టు పనులన్నియు అందులో చేసికొనుట. పాత విండోసును ఇంటర్నెట్టు తీగ తగులకుండ, తెలుగు అచ్చుల కొఱకే యుంచుకొనుట. మీట నొక్కగనే ఏ యింటికి పోయెదవని యంత్రమే యడుగును. అన్నిటికంటె ముందుగా పాతడిస్కునకు అచ్చముగా నకలు తీయనిదే తాను స్క్రూ త్రిప్పననెను. ఆ మాటతో మా గుండె కుదుటబడెను. అప్పటికే మేము "మేడమ్" నుండి "అక్క" నైతిమి.

పని మఱునాటి సాయంకాలమునకని చెప్పుటచే మాకు ఊరు చూచుటకు తీరిక కలిగెను. రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామిని అమ్మాయి చిన్ననాడు చూచినది, మేము చూడనేలేదు. సోవియట్టు దేశమున కట్టిన యా నావ 1969లో మన నౌకాదళమున చేరి 2001లో విరమించెను. 2002 ఆగస్టునుండి ప్రదర్శనశాలయై తీరమున నిలిచియున్నది. పొడవు 91 మీటర్ల పైమాట. నీటినుండి దానిని ఇప్పుడున్న చోటికి 600 మీటర్లు లాగుటకే పదునెనిమిది నెలలును, అయిదున్నర కోట్ల రూపాయలును పట్టినవట. లోపల మనుష్యుడు ఒత్తిగిలుటకైన చోటు లేదు. గోడలనిండ చక్రములు, గొట్టములు, కొలపాత్రలు. డెబ్బదిమందికి పైగా నావికులు అందులో నెట్లు తిని, ఎట్లు నిద్రించిరో! గృహిణులము గనుక మాకన్ను వంటచోటుపై బడెను. మా తులసికోట యంతటి స్థలము. వివరము చెప్పువారు నౌకాదళమున పనిచేసి విరమించినవారు. ఒక్కొక్క మీటను తాకి మఱి చెప్పుచుండిరి. ఆ మీటలలో ఏదియు నేడు పని చేయదు. అయినను ఉప్పుగాలినుండి దానికి ఎప్పటికప్పుడు రంగులు, అతుకులు తప్పవు. పనిచేయని పాతదానిని నిలుపుటకును ఇంత సొమ్ము, ఇంత శ్రమ కావలెను.

రాత్రికి ఉక్కునగరమున మా వదినగారి యింట దిగితిమి. అన్నయ్యగారు బ్లాస్టుఫర్నేసు విభాగమున పని చేయుదురు. మూట కథ విని నవ్వి, "కొలిమి పాతబడిందని ఎవరైనా పారేస్తారా చెల్లెమ్మా?" అనిరి. విశాఖ ఉక్కు కర్మాగారమున మూడు మహాకొలుములు గలవు. వానిపేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నదులకును దేవతకును తగిన పేర్లే; లోపల ఇనుము నీరువలె ప్రవహించును. ఒకసారి వెలిగించిన కొలిమి ఏండ్లతరబడి రేయింబవళ్లు మండుచునే యుండును. పైయుక్కుకవచము చెడదు, లోపలి అగ్నియిటుకల పొర యరిగిపోవును. అప్పుడు కొలిమిని చల్లార్చి, పాతయిటుకలు పెకలించి, క్రొత్తపొర కట్టి మరల వెలిగింతురు. గోదావరికి గత దశాబ్దమున అట్లే చేసినప్పుడు, 3,200 ఘనమీటర్ల లోపలికొలత సుమారు 3,800 అయ్యెనట. మరమ్మత్తుచే పెద్దదైన వస్తువును గూర్చి వినుట మాకదియే మొదటిసారి.

కాని ఆ ముచ్చట అంత తేలికగా ముగియలేదు. 1966నాటి "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" ఉద్యమమున 32మంది ప్రాణములు పోయినవి. 1992 ఆగస్టు 1న కర్మాగారమును ప్రధానమంత్రి పి. వి. నరసింహారావుగారు జాతికి అంకితము చేసిరి. 2021 జనవరి 27న దానిని పూర్తిగా ప్రైవేటువారికి విడిచిపెట్టుటకు కేంద్రమంత్రివర్గసంఘము సూత్రప్రాయముగా అంగీకరించెను. ఆ ఫిబ్రవరినుండి కార్మికులు దీక్షలకు కూర్చుండిరి. 2025 జనవరి 17న మరల నిలబెట్టుటకు 11,440 కోట్ల రూపాయల సాయమును ప్రకటించిరి. వదినగారు విస్తరులు తీయుచు, "అమ్మేస్తామన్న నాలుగేళ్లూ నేను ఈ ఇంటికి సున్నం కూడా వేయించలేదు" అనిరి. బాగుచేయుదురో విడిచిపెట్టుదురో తెలియని వస్తువును ఎవరును తుడువరు. ఇంటి పెట్టెకును అంతేగదా యని మాకు తోచెను; కాని వదినగారి మొగము చూచి ఆ పోలిక పైకి చెప్పలేదు.

మఱునాడు పాతయూరికి వచ్చి కొండ యెక్కితిమి. అచట మూడు గుట్టలు ప్రక్కప్రక్కన నున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. అచటినుండి రేవు ముఖద్వారమును, దాని కావల డాల్ఫిన్ ముక్కు కొండయు కన్నులపండువుగా గనబడును. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి జలదుర్గ యను ఓడ మొదట నీ దారిని లోనికి వచ్చెను. అంతకుముందు ఈ కాలువను త్రవ్వునపుడు అలలతో కొట్టుకొనివచ్చు ఇసుక దారిని పూడ్చివేయుచుండగా, రెండు పాతయోడలను తెచ్చి, రాళ్లతో నింపి, కొండమొదట ముంచి అడ్డుకట్టగా నిలిపిరట. సముద్రమును దాటలేని యోడలు సముద్రమునే నిలువరించినవి! ఈ కథ విన్న పిదప అమ్మాయి మొదటిసారి నవ్వి, "మన డిస్కును కూడా తలుపుకు అడ్డం పెడదామా అమ్మా?" అనెను.

సాయంకాలము దొండపర్తి గదిలో మా పెట్టె తెఱచి చూపిరి. మావారు గడియారము పట్టుకొనిరి. ఇరువదియెనిమిది సెకండ్లు. ఆయన నమ్మక మఱియొకసారి ఆర్పి వెలిగింపుమనిరి. ఈసారి ఇరువదియేడు. ఎస్.ఎస్.డి.కి మూడువేల నూరు, పలకకు తొమ్మిదివందలు, లేపనము, బ్యాటరీ నూటయేబది, చేతికూలి ఎనిమిదివందలు. వెరసి 4,950 రూపాయలు. పాతడిస్కును ఒక డబ్బాలో బెట్టి మాచేతికే ఇచ్చిరి. ఆమె తన గదిమూల పనికిరాని పలకలను, తీగలను గోనెసంచులలో వేఱుచేసి యుంచినది. అట్టివానిని పాతసామాను బండివానికి వేయవద్దని మాకు చెప్పెను. రాగి కొఱకు తీగలను కాల్చువారి చెంత వచ్చు పొగ పసిపిల్లలకు విషమట. పలకల అతుకులలో సీసముండును. 2023 ఏప్రిలు 1నుండి అమలైన ఇ-వ్యర్థముల నిబంధనల ప్రకారము తయారుచేసిన సంస్థలే వానిని సక్రమముగా తిరిగి వాడుకకు తెప్పింపవలెను.

ఈ మాటలు చదివి ప్రతి పాతపెట్టెను బాగుచేయింపవలెనని సోదరీమణులు తలంపవలదు. ఆ గదిలోనే మా ముందు మఱియొకరు తెచ్చిన పెట్టెలో ప్రధానపలక మీది చిన్నగుళికలు ఉబ్బి కారియుండగా, "దీనికి పెట్టకండి సార్" అని యామె తిప్పి పంపినది. ప్రధానపలక చెడినను, పని యంత్రమునకు మించినదైనను క్రొత్తది కొనుటయే మేలు. అమ్మాయి ఇంజనీరింగు పటములు గీయవలసివచ్చిన నాడు మేమును కొందుము. కొనునాడు ఎస్.ఎస్.డి. కలదో లేదో, గట్టు 8 జి.బి.కి తక్కువ కాకున్నదో, తరువాత పలక చేర్చుటకు గాడి మిగిలినదో లేదో అడిగి కొనుడు. రంగు చూచి కొనకుడు.

ప్రస్తుతము మేము చేయుచున్న పని వేఱొకటి. పాత అచ్చులను యూనికోడు అక్షరములుగా మార్చు ఉపకరణములు ఇప్పుడు గలవు. యూనికోడున ప్రతి తెలుగక్షరమునకు తనదైన సంఖ్య యుండును గనుక ఏ యంత్రమైనను చదువగలదు. అయితే ఆ మార్పునందు సంయుక్తాక్షరములు తఱుచు చెడుచున్నవి. వత్తులు తారుమారగును, అరసున్నలు ఎగిరిపోవును. రామరాజభూషణుని శ్లేషలో ఒక వత్తు పోయిన ఒక యర్థమే పోవును. అందుచే దినమునకు నాలుగేసి పుటలు పాతయింటినుండి క్రొత్తయింటికి తెచ్చి, మా తండ్రిగారి చేతివ్రాత పుస్తకముతో ఒక్కొక్క పాదము సరిచూచుకొనుచున్నాము. అమ్మాయి పాఠములు ముగించి రాత్రి తొమ్మిదింటికి పెట్టెను మాకు విడుచును. నిన్నటికి 112 పుటలైనవి.